తవుడమ్మ మోసిన మూట

చెప్పే నోరు నాది, ఊఁ కొట్టే పని మీది. ఊఁ ఆగిందంటే కథా ఆగుతుంది.

తాతల తాతలకి ఇంకా మూతి మీద మీసం మొలవని కాలంలో, కొండకీ సముద్రానికీ మధ్య ఒక ఊరుండేది. ఊరి పక్కన ఒక గెడ్డ. కొండ మీద పుట్టి, ఊరిని తాకి, ఊరి కిందున్న వాడని తాకి, రెండు కోసుల దూరం పారి సముద్రంలో కలిసేది. ఆ గెడ్డకి ఊరు ఒక కట్టడి పెట్టింది. పై నీళ్ళు పెద్దిళ్ళకి. నడిమి నీళ్ళు గొడ్లకీ, చాకిరేవుకీ. అడుగు నీళ్ళు వాడకి. వాడవాళ్ళు ఇసకలో చెలమలు తవ్వుకుని, ఊరిన నీళ్ళు ముంచుకునేవారు. ఊరి మురికంతా చూసొచ్చిన నీళ్ళవి.

చాకిరేవులో బట్టలుతికే మనిషి తవుడమ్మ. ఆవిడకి ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోతే, నాలుగో పిల్లయినా దక్కాలని తల్లి ఆ పిల్లని చేటలో వేసి, పొరుగింటికి పిడికెడు తవుడుకి అమ్మి, మళ్ళీ తెచ్చుకుంది. అంత చవక పిల్లని చావు కన్నెత్తి చూడదని నమ్మకం. చావు చూడలేదు గానీ, తవుడమ్మని భయం వదల్లేదు. ఉరిమితే భయం. ఊరిపెద్ద నాయుడుబాబు దగ్గితే భయం. అన్నిటికన్నా మరిడమ్మంటే భయం.

మరిడమ్మ వాంతులూ విరేచనాలుగా ఇంట్లోకొచ్చే తల్లి. పొద్దున్న గడప తొక్కిందంటే సాయంత్రానికి పాడె కట్టించేది. ఆవిణ్ణి సాగనంపడానికి ఊళ్ళో ఒక ఆచారముంది. రోగి విడిచిన బట్టలన్నీ వేపమండలతో కలిపి మూట కట్టాలి. ఆ మూట చాకలి నెత్తికెత్తుకోవాలి. వెనక్కి చూడకూడదు. రేవు దాకా దించకూడదు. రేవులో ముడి విప్పి వదిలేస్తే, మరిడమ్మ నీళ్ళ వెంట పోతుంది. ఎక్కడికి పోతుందని ఎవరూ అడగలేదు. ఊళ్ళోంచి పోయింది కదా, చాలు.

ఆ ఏడు ఎండలు ముదిరాక మరిడమ్మ వచ్చింది. మొదట కరణంగారింట్లో దిగింది. తవుడమ్మ మూట మోసి రేవులో వదిలింది. మూడు రోజులు తిరక్కుండా వాడలో ఏడుగురు పోయారు. అందులో గురివి మొగుడొకడు.

గురివి అంటే ఎవరో చెప్పలేదు కదూ. వాడ మనిషి. ఒకప్పుడు తవుడమ్మకి పాలు పడక ఆవిడ పసికందు గుక్కపట్టి ఏడుస్తుంటే, రేవు పక్క రెల్లు చాటున కూర్చుని, ఊరి కంటపడకుండా తన పాలిచ్చి బతికించిన మనిషి. ఆ సంగతి ఇద్దరాడవాళ్ళకీ తెలుసు, రెల్లుకి తెలుసు.

రెండోసారి షావుకారింట్లో దిగింది. తవుడమ్మ మూట మోసి రేవులో వదిలింది. మూడు రోజులు తిరక్కుండా వాడలో పదకొండుగురు పోయారు. అందులో గురివి కొడుకొకడు. ఇక ఆ ఇంట్లో మిగిలింది గురివీ, ఆమె కడగొట్టు పిల్లా.

పెద్దిళ్ళలో పడ్డవాళ్ళు మాత్రం చాలామంది లేచి కూర్చున్నారు. వైద్యుడు మంచం పక్కనే ఉండి కాచిన నీళ్ళు తాగించాడు, ఉప్పేసిన గంజి పట్టించాడు, పూటకో కషాయం పోశాడు. మరిడమ్మకి కూడా పెద్దిళ్ళంటే మొహమాటం కాబోలు.

తవుడమ్మ వైద్యుడి గుమ్మం ముందు నిలబడింది.

"బాబూ, వాడలో పడిపోతన్నారు. ఒక్కపాలి వచ్చి సూడండి."

"ఊరు దాటితే నా మందుకి చేవ చచ్చిపోతుందే. అయినా వాళ్ళవి మొరటు ఒళ్ళు. మందులు పనిచెయ్యవు," అన్నాడు వైద్యుడు.

"మొరటు ఒళ్ళయితే ఎందుకు సచ్చిపోతన్నారు బాబూ?"

వైద్యుడు తలుపేసుకున్నాడు.

అక్కణ్ణుంచి ఆవిడ గురివిని పలకరించడానికి వెళ్ళింది. చెలమ గట్టున ఒక ఎర్రంచు పంచె పీలిక తగులుకుని ఉంది. చాకలికి గుడ్డని చూస్తే ఇల్లు తెలుస్తుంది. కొసన జీడిగింజ రసంతో పెట్టిన గుర్తు, రెండు చుక్కలూ ఒక గీతా. షావుకారింటి గుర్తు. ఆ గుర్తు పెట్టింది తనే. ఆ పంచె రేవులో వదిలిందీ తనే. గురివి పిల్ల ఆ చెలమలో ముంత ముంచుతోంది. తవుడమ్మ ఒక్క అంగలో దగ్గరికెళ్ళింది. ముంత లాక్కుని నీళ్ళు ఇసకలో ఒంపేసింది.

"ఏటి తవుడప్పా?" అంది గురివి.

"ఈ నీళ్ళు తాగనీకే. కాసి ఇయ్యి. నేకపోతే మానీ." అంతకన్నా చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు.

మూడోసారి మరిడమ్మ నాయుడుబాబు ఇంట్లోనే దిగింది. అన్నిటికన్నా పెద్ద మూట కట్టారు. తవుడమ్మ నేల మీద పడి దండం పెట్టింది.

"బాబూ, ఈ మూట కాల్సేద్దుము. గెడ్డలో వద్దు."

"అమ్మోరిని కాలుస్తావటే? ఊరు బతకాలా, చావాలా? ఎత్తు!" అన్నాడు నాయుడు.

ఎత్తింది. మిట్టమధ్యాహ్నం. డప్పులు రేవు దాకా వచ్చి ఆగాయి, జనం గట్టు మీదే ఆగారు. తవుడమ్మ ఒక్కతే నీళ్ళ దగ్గరికి దిగింది. అప్పుడు మూటలోంచి ఒక గొంతు వినిపించింది. ఎండ దెబ్బకి అనిపించిందో, నిజంగానే పిలిచిందో నాకు తెలియదు.

"దించవే తవుడూ. నీ రేవొచ్చింది."

తవుడమ్మ పళ్ళు టకటక కొట్టుకున్నాయి. అయినా అడిగింది.

"కిందెవులున్నారు?"

"వాడ ఉంది."

"అయితే దించను."

రేవు దాటి నడిచింది. వెనక జనం గోలపెట్టారు, నాయుడు తిట్టాడు, ఎవరూ మూటని ముట్టుకోవడానికి మాత్రం రాలేదు. వాడ పక్కనుంచే నడిచింది. చెలమ దగ్గర గురివి చూసింది, పిల్లని పొరుగామె చేతికిచ్చి, గంజిముంత పట్టుకుని పది బారల దూరంలో వెనకే బయల్దేరింది.

వాడ దాటాక తవుడమ్మ కడుపులో మెలిపెట్టింది. మరిడమ్మ తనలోకి దిగిందని తెలిసిపోయింది. గుడ్డలుతికిన చేతులవి, ఎన్నాళ్ళని తప్పించుకుంటాయి. నాలుక పిడచకట్టింది.

"దించవే తవుడూ. వాడ దాటేశావు."

"కిందెవులున్నారు?"

"పుచ్చపాదుల వాళ్ళున్నారు. ఈ నీళ్ళే తాగుతారు."

"అయితే దించను."

పడింది, లేచింది. మూట మాత్రం నెత్తి మీదే ఉంది. చచ్చేంత భయమేసింది, ఏడ్చింది కూడా. ఏడుస్తూనే నడిచింది. గెడ్డ సముద్రంలో కలిసే చోటికి వచ్చేసరికి పొద్దు వాలింది.

"దించవే తవుడూ."

"కిందెవులున్నారు?"

ఈసారి జవాబు రాలేదు. కెరటాల మోత తప్ప ఏమీ లేదు. అప్పుడు దించింది. సముద్రం ఇచ్చింది ఉంచుకోదు, ఒడ్డుకి తోసేస్తుందని తెలుసు కాబట్టి, అలలకి అందనంత పైన ఇసకలో లోతుగా గుంత తీసి, మూట పాతి, పక్కనే ఒరిగిపోయింది.

గురివి పరుగున వచ్చింది.

"ముట్టుకోకే," అంది తవుడమ్మ. "ఎత్తి పొయ్యి."

దోసిలి పట్టింది. ఊళ్ళో వాడవాళ్ళకి అలాగే పోసేవారు, ముంత తగలకుండా, పైనుంచి. ఆ వేళ ఊరి మనిషి వాడ మనిషి ముందు దోసిలి పట్టింది. గంజి సగం వేళ్ళ సందుల్లోంచి ఇసకలోకి కారిపోయింది.

"నీ పిల్ల ఎలాగున్నాది?"

"ఆడుకుంతంది అప్పా."

ఆ మాట విని దోసిలి విడిచిపెట్టింది. పొద్దు కుంగకముందే ప్రాణం పోయింది.

ఊరు తొమ్మిది రోజులు తలుపులు బిగించుకుని కూర్చుంది, మూట తప్పుదారి పట్టింది గనక మరిడమ్మ తిరిగొస్తుందని. రాలేదు. వాడలో కూడా ఎవరూ పడలేదు. పదో రోజు పొద్దున్నే వాడవాళ్ళు బట్టలుతికే చాకిరేవు బండరాయిని దొర్లించుకుంటూ పోయి, ఊరి మురికి ఇక తమ నీళ్ళలోకి రాకుండా, చెలమలకి దిగువన వేశారు.

నాయుడు మండిపడుతూ వచ్చాడు. "రాయి దొర్లించిందెవరు?"

"అదే దొర్లింది బాబూ," అంది గురివి. "తవుడప్ప చేతులు ముట్టిన రాయి. మీరే ఎత్తి మళ్ళీ పైన ఎట్టండి."

నాయుడు రాయి వైపు చూశాడు. ఒక అడుగు వెనక్కేశాడు. రాయి అక్కడే ఉండిపోయింది.

ఇప్పటికీ ఆ గెడ్డ పొడుగునా, గుడ్డ ముంచేవాళ్ళు గానీ గిన్నె కడిగేవాళ్ళు గానీ ముందు కిందికి తిరిగి మూడుసార్లు కేకేస్తారు, "కిందెవులున్నారు?" అని. "మేవున్నాం" అని ఒక్క గొంతు వినిపించినా, మూట మళ్ళీ నెత్తికెత్తుకుని ఇంకా కిందికి నడుస్తారు. ఇంటికి వైద్యుడొస్తే ముసలమ్మలు నాడి చూడమని చెయ్యి చాపేముందు అతన్నీ అదే అడుగుతారు. కిందెవులున్నారు, వాళ్ళని చూసొచ్చావా అని.

కథ సముద్రంలో కలిసింది. మీరిక లేవండి. చేతిలో చెంబున్నవాళ్ళు మాత్రం, ఒంపేముందు ఒక్క కేకెయ్యండి.