పుట్టింటి కలబందకి తగిన కుండ

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి అటు గోదారి పాయ, ఇటు ఇసుక మేట, మధ్యలో ఓ ముప్ఫై గడపలు. ఏ అరుగు చూసినా అప్పడాలో వడియాలో ఎండుతుండేవి. కాళ్ళు ముడుచుకో తల్లీ. దుప్పటంతా నువ్వే లాక్కుంటే అమ్మమ్మకి చలెయ్యదూ?

ఆ ఊళ్ళో సోమిదేవమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకో జబ్బు. జబ్బంటే దగ్గూ జ్వరమూ కాదులే. ఎవరు కనిపించినా "తిన్నావా? తాగావా?" అని అడక్కుండా ఉండలేదు. ఉత్తరాలు తెచ్చినతనికి మజ్జిగ. గాజులమ్మే ఆవిడకి మజ్జిగ. దారి తప్పి వచ్చినవాడికైతే రెండు గ్లాసులు. వద్దన్నా వినేది కాదు, అవతలివాళ్ళు తాగేదాకా చేతిలో చెంబు కింద పెట్టేది కాదు.

ఆవిడ కోడలి పేరు రాజ్యం. పెళ్ళై ఏడాది. మన కథ ఈ రాజ్యం వెనకాలే నడుస్తుంది, గుర్తుపెట్టుకో.

రాజ్యం పుట్టింటి దొడ్లో పెద్ద కలబంద ఉండేది. పిల్లి అందులో దూరితే తోక కూడా కనిపించేది కాదు. వంటింట్లో చెయ్యి కాలినా, ఆటలో మోకాలు చెక్కుకుపోయినా వాళ్ళమ్మ ఒక మట్ట విరిచి గుజ్జు రాసేది. రాజ్యం ఒంటి మీద ఎన్ని మచ్చలున్నాయో అన్నిటికీ ఆ కలబందే మందు.

ఆ ఏడు ఆ దొడ్డి మీదుగా పెద్ద రోడ్డు పడింది. ఇల్లు పోయింది, దొడ్డీ పోయింది. అమ్మావాళ్ళు పట్నంలో రెండో అంతస్తులో అద్దెకి దిగారు. దిగేముందు వాళ్ళమ్మ కలబంద మొదట్లోంచి అరచేయంత పిలక ఒకటి తీసి, తడిగుడ్డలో చుట్టి, రాజ్యం చేతిలో పెట్టింది.

"మన దొడ్లోది ఇదొక్కటే మిగిలిందమ్మా. బతికించుకో" అంది.

రాజ్యం దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. ఆ తర్వాత పడవ ఎక్కింది. ఆ తర్వాత ఇసుకలో నడిచి ఇంటికొచ్చింది. గడప దాటిందో లేదో సోమిదేవమ్మ ఎదురొచ్చి, "అయ్యో, ఎంత వాడిపోయిందే! దారిలో దీనికి నీళ్ళిచ్చావా?" అంది. చూశావా, మొక్కని కూడా వదల్లేదు!

"ముందు ఏదైనా చిన్న మట్టికుండ ఇవ్వండి అత్తయ్యా" అంది రాజ్యం.

"మట్టికుండా! కోడలి పుట్టింటి నుంచి వచ్చినదాన్ని మట్టికుండలో కూర్చోబెడితే నలుగురూ ఏమంటారే?" అని సోమిదేవమ్మ అటక మీంచి ఇత్తడి గంగాళం దింపించింది. ఆవిడ పెళ్ళికి పెట్టిన గంగాళం అది. అందులో ఇరవైమందికి పులిహోర కలపొచ్చు. దాన్ని చింతపండేసి తోమితే ధగధగా మెరిసింది. అందులో తట్టెడు మట్టి పోసి మధ్యలో పిలక నాటారు. అది పెళ్ళిపందిట్లో తప్పిపోయిన పిల్లలా బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

అప్పుడు మొదలైంది మర్యాద. పొద్దున సోమిదేవమ్మ కాఫీ తాగితే మొక్కకో చెంబు నీళ్ళు. మధ్యాహ్నం అన్నం తింటే ఒక చెంబు. సాయంత్రం బియ్యం కడిగితే ఆ కడుగు నీళ్ళు కూడా దానికే. పిలకేమో గుక్కెడు తాగేది. మరి మిగతా నీళ్ళు ఎక్కడికి పోతాయి చెప్పు? గంగాళం అడుగున దారి లేదుగా. అక్కడే మడుగు కట్టుకుని కూర్చున్నాయి.

ఎనిమిదో రోజున కింది మట్ట పసుప్పచ్చగా అయింది. రాజ్యం ముట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చేసింది.

"గిన్నె మరీ పెద్దదైపోయింది అత్తయ్యా. ఇంత మట్టి ఎప్పటికి ఆరాలి?"

"నిజమేనే. పాపం, అంత పెద్దదాంట్లో ఒంటరిగా బెంగపడినట్టుంది" అంది సోమిదేవమ్మ. అని, ఆవకాయ అయిపోయిన చిన్న జాడీ తెచ్చింది. మూడుసార్లు కడిగినా దానికి ఆవఘాటు పోలేదు. మొక్కకి తుమ్ములు రావు కాబట్టి సరిపోయింది. వచ్చుంటే ఆ ఇంట్లో రాత్రీ పగలూ అదే పని!

జాడీ కొలతకి బాగానే ఉంది. కానీ పింగాణీ కదా, లోపలా బయటా నున్నగా ఉంటుంది. తడిని ఇసుమంత కూడా పీల్చదు. దీనికీ అడుగున దారి లేదు. "రోజుకి ఒక్కసారే పోస్తాలే" అని సోమిదేవమ్మ మాటిచ్చింది. నిలబెట్టుకుంది కూడా. కాకపోతే ఆ ఒక్కసారీ చెంబు మారింది, పెద్దదైంది.

పైన మట్టి ఆరినట్టే కనిపించేది. రాజ్యం ఒకరోజు వేలు గుచ్చి చూస్తే లోపలంతా బురద. అప్పుడు గబగబా మొక్కని పైకి తీసింది. వేళ్ళు ఉడికిపోయిన సేమ్యాలా జారిపోయాయి. కింది మట్టలు మెత్తబడి వాసనేస్తున్నాయి. అవన్నీ తీసేస్తే మధ్యలో మూడు మట్టలు మిగిలాయి. అడుగున ఒకే ఒక్క తెల్లటి వేరు, అదీ అంగుళం పొడవు.

రాజ్యం పెరటి మెట్టు మీద కూర్చుంది. ఇది పోతే మళ్ళీ తెచ్చుకోవడానికి ఆ దొడ్డే లేదు. అమ్మ అడిగితే ఏం చెప్పాలి? కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. ఆ తర్వాత మొహం కడుక్కుని లోపలికి వెళ్ళింది.

"అత్తయ్యా, దీనికి అడుగున చిల్లున్న కుండ కావాలి. ఎక్కువైన నీళ్ళు కిందికి పోవాలి."

సోమిదేవమ్మ మొహం మాడిపోయింది. "ఆ మాట ఇంకోసారి అనకు" అంది.

ఎందుకంటావా? ఎవరైనా చనిపోయినప్పుడు, ఆఖరున కుండలో నీళ్ళు పోసి భుజాన పెట్టుకుని చుట్టూ తిరుగుతారు. తిరిగేటప్పుడు ఆ కుండకి చిల్లులు పెడతారు. సోమిదేవమ్మ తన మొగుణ్ణి అలా సాగనంపి నాలుగేళ్ళైంది. అప్పట్నుంచి ఇంట్లో ఏ కుండకి కాస్త నెర్రె కనిపించినా తీసుకెళ్ళి ఊరవతల పారేసి వచ్చేది. నవ్వకు తల్లీ. కొడుకూ కోడలూ చల్లగా ఉండాలని ఆవిడ భయం.

రాజ్యానికి ఆ సంగతి తెలుసు. అందుకే ఎదురు చెప్పలేదు. పిలకని చాటలో పడుకోబెట్టి నీడలో పెట్టింది. మర్నాడు పొద్దున్నే ఆ చాట పట్టుకుని కుమ్మరి గౌరయ్య ఇంటికి బయల్దేరింది. వెనక చెప్పుల చప్పుడైంది. తిరిగి చూస్తే సోమిదేవమ్మ.

"నేనూ వస్తా. నువ్వు చాటుగా చిల్లుకుండ తెస్తావని నాకు తెలీదనుకున్నావా?"

"చాటుగా ఎక్కడ అత్తయ్యా? పట్టపగలే వెళ్తున్నాగా" అంది రాజ్యం. ఇద్దరూ కలిసే వెళ్ళారు.

గౌరయ్య ముసలివాడు. సారె తిప్పుతూ తిప్పుతూనే మొక్కని ఒక చూపు చూశాడు. "ఏంటమ్మా ఇది, కలబందనా పెంచారు, చేపనా?" అన్నాడు.

"వెటకారాలు తర్వాత. తాగావా ఏమన్నా?" అంది సోమిదేవమ్మ.

"నేను తాగాను. ఇది మాత్రం నాలుగు జన్మలకి సరిపడా తాగినట్టుంది. నీళ్ళన్నీ మట్టల్లోనే దాచుకునే మొక్కమ్మా ఇది. దీనికి మట్టికుండే మంచిది, గోడలు కూడా తడి పీలుస్తాయి. అడుగున చిల్లు ఉండి తీరాలి."

"చిల్లు మాత్రం కుదరదు" అంది సోమిదేవమ్మ.

గౌరయ్య సారె ఆపాడు. "ఆ రోజు మీ ఇంటికి కుండ నేనేగా ఇచ్చాను. ఇచ్చినప్పుడు దానికి చిల్లుందా?"

"లేదు."

"మరి ఎప్పుడు పెట్టారు?"

"అక్కడ... కత్తితో కొట్టి పెట్టారు."

"అదీ సంగతి. కాలిన కుండని కొట్టి పెట్టిన చిల్లు పోయినవాళ్ళ కోసం. పచ్చికుండకి మేం వేలితో పెట్టే చిల్లు వేరు. అది కుండతోపాటే పుడుతుంది, కుండతోపాటే ఆవం మంటలో కాలుతుంది. శివుడి నెత్తిన వేలాడే ధారపాత్రకి అడుగున చిల్లుందా లేదా? దాన్ని చూసి రోజూ దణ్ణం పెట్టుకుంటారుగా, ఎప్పుడైనా దడుచుకున్నారా?"

సోమిదేవమ్మ కొంగు సర్దుకుని సారె దగ్గరికి జరిగింది.

"అయితే నా కళ్ళెదుట పెట్టు" అంది.

"నేనెందుకు, మీరే పెట్టండి" అన్నాడు గౌరయ్య.

ముందు మొక్కని చేత్తో కొలిచాడు. "చుట్టూ రెండు వేళ్ళ సందు ఉంటే చాలు" అన్నాడు.

"ఇంత చిన్నదా! మా కోడలి మొక్కకి? నాలుగు వేళ్ళు చెయ్యి."

"రెండు."

"పోనీ మూడు."

"రెండేనమ్మా. ఇది మొక్కకి, పెళ్ళివంటకి కాదు."

కుండ తయారైంది. కొబ్బరికాయంత ఉంది, ముద్దుగా. గౌరయ్య దాన్ని కాస్త ఆరనిచ్చి, ఆ తర్వాత బోర్లించి, అడుగు కుంగకుండా లోపల అరచెయ్యి ఆనించి పట్టుకోమని రాజ్యానికి ఇచ్చాడు. సోమిదేవమ్మ చిటికెన వేలు పెట్టింది. "అది చాలదు" అన్నాడు. ఉంగరపు వేలు పెట్టింది. "అదీ చాలదు" అన్నాడు. అప్పుడావిడ కళ్ళు మూసుకుని చూపుడు వేలు గట్టిగా నొక్కింది. పచ్చిమట్టి చల్లగా దారిచ్చింది. వేలు అవతలికి వెళ్ళి, లోపలున్న రాజ్యం అరచేతికి తగిలింది. రాజ్యం ఆ వేలు పట్టుకుంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

కుండ నీడలో ఆరాలి, ఆ తర్వాత ఆవంలో కాలాలి. మొత్తం పది రోజులు. అప్పటిదాకా మొక్క చాటలోనే ఉండాలి. చుక్క నీళ్ళు తగలకూడదు.

"పది రోజులు పస్తా!" సోమిదేవమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"కుళ్ళిన చోట పుండు మానాలి కదా అత్తయ్యా. తడి తగిలితే మానదు."

రెండో రోజున ఆవిడ చెంబు పట్టుకుని చాట దాకా వచ్చింది. రాజ్యం దగ్గింది. ఆవిడ వెనక్కి వెళ్ళింది. ఐదో రోజున వేళ్ళు తడిచేసుకుని వచ్చింది. "ఊరికే చిలకరిద్దామని" అంది. రాజ్యం చాటని అవతలికి జరిపింది. ఎనిమిదో రోజున నిండు చెంబుతో చాట పక్కనే కూర్చుంది. మొక్కని చూసింది, చెంబుని చూసింది. రాజ్యం తలుపు చాటు నుంచి చూస్తూ ఉంది, ఈసారి దగ్గలేదు. కాసేపటికి సోమిదేవమ్మ పెద్దగా నిట్టూర్చి, ఆ నీళ్ళు తనే గటగటా తాగేసింది. పాపం, ఏం చేస్తుంది మరి!

పదకొండో రోజున కుండ వచ్చింది. ఎర్రగా కాలింది, ఎక్కడా నెర్రె లేదు. అడుగున గుండ్రటి చిల్లు. సోమిదేవమ్మ దాన్ని వేలితో తడిమి చూసుకుంది. ఆ తర్వాత రెండు చేతులా పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి, తనే గడప దాటించింది.

చిల్లు మీద మట్టి జారిపోకుండా ఒక పెంకు ముక్క వేశారు. గోదారి ఇసుక రెండు పాళ్ళు, తోట మట్టి ఒక పాలు కలిపి పోశారు. మూడు మట్టల పిలకని నిలబెట్టి వారం రోజులు అలాగే వదిలేశారు. ఆ తర్వాత రాజ్యం చిన్న గ్లాసుడు నీళ్ళు పోసింది. అత్తాకోడళ్ళిద్దరూ కింద పళ్ళెం పెట్టి, గొంతుక్కూర్చుని చూశారు. ఎంతకీ ఏమీ రాలేదు. ఇంకాస్త చూశారు. అప్పుడు ఒక చుక్క టప్పున పడింది. ఆ వెనక ఇంకోటి.

"అమ్మయ్య, అక్కర్లేనివి పోతున్నాయే!" అంది సోమిదేవమ్మ.

ఆ తర్వాత పది రోజులకోసారి, వేలు గుచ్చితే మట్టి పొడిగా తగిలినప్పుడే, నీళ్ళు పోసేవాళ్ళు. నెల తిరిగింది. ఒక పొద్దున రాజ్యం వంగి చూస్తే మూడు మట్టల మధ్య చిలకముక్కంత ఆకుపచ్చ మొన కనిపించింది. కొత్త మట్ట! "అత్తయ్యా!" అని ఒక్క కేక పెట్టింది. సోమిదేవమ్మ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. వంగి చూసింది. ఇంకా దగ్గరగా చూసింది.

"ఇవాళే మీ అమ్మకి కబురు పెట్టు" అంది. "దొడ్డి పోయిందని బెంగపెట్టుకోవద్దని చెప్పు. అది మన వసారాలో చిగురేసిందను. వచ్చి చూసుకోమను. వచ్చేటప్పుడు ఏమీ తాగి రావద్దను, మజ్జిగ నేనిస్తాను."

అదమ్మా సంగతి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి దూరదాం.

చిన్న కుండ, చిల్లు కుండ,
మొక్క లేచె కుండ నిండ.
కథేమో కంచికి చేరె,
కునుకేమో కంట్లోకి జారె.