మల్కవ్వకు దొరికిన దొంగ ముల్లు

ఊ కొడితేనే చెబుతాను, లేదంటే లేదు. మన తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, నల్లరేగడి నేలలో ఒక ఊరు. ఊరంతా కుసుమ పంటే. కూరలోకి ఆ నూనే, దీపంలోకి ఆ నూనే. ఆ ఊళ్ళో కూలికి కలుపు తీసే ముసలిది మల్కవ్వ. కళ్ళు మసక, చేతులు మాత్రం మహా చురుకు.

ఒక ఏడు పరాయి సంతలో కొన్న విత్తనాల్లో ఒక దొంగ ముల్లు కలిసి వచ్చింది. కుసుమకూ ముళ్ళే, దానికీ ముళ్ళే! ముళ్ళున్నదంతా మనదేనని జనం దాన్ని భద్రంగా కాపాడారు. పుష్యంలో చేనంతా పసుపుగా పూస్తే, అక్కడక్కడ ఊదాపువ్వు.

“పటేలా, ఇది మనది కాదు,” అంది మల్కవ్వ.

ఊరి పటేలు నవ్వాడు. “పువ్వు ముద్దుగున్నది, ఉండనియ్యి అవ్వా.”

ఫాల్గుణంలో ఆ పువ్వు పండి, దూదిలా ఎగిరి ఊరంతా పడింది. మరుసటి ఏడు సగం చేను దానిదే.

“పటేలా, ఇది మనది కాదు!”

ఈసారి పటేలు నవ్వలేదు. పీకబోతే వేరు లోతుకు దిగింది, చేతులు చీరుకుపోయాయి. ఇంకో ఏడు ఇట్లే అయితే ఊరు వదలడమే అన్నారు. మల్కవ్వకు ఏడుపొచ్చింది. పెనిమిటిని మట్టిచేసిన ఊరు, ఎట్లా వదులుతుంది?

‘పెద్దయినంక పోలిస్తే ఏం లాభం? పసిగున్నప్పుడే పోల్చాలె,’ అనుకుంది. దూదిలో చిక్కిన గింజలు ఏరి దాచి, ఊరు చేను విత్తిన రోజే పెరట్లో ఒక పక్క అవి, ఒక పక్క కుసుమలు చల్లింది. రోజూ అరచేత్తో నిమిరింది. మొదటి వారం రెండూ మెత్తనే. రెండో వారం రెండూ మెత్తనే. మూడో వారం చురుక్కుమంది! కుసుమ ఇంకా మెత్తగానే ఉంది, దొంగకు అప్పుడే ముళ్ళు మొలిచాయి.

మల్కవ్వ పరుగో పరుగు. “దొరికింది! దొరికింది! దొంగ దొరికింది!”

“కుసుమకు ముళ్ళొచ్చేదాక చేన్ల అడుగు పెట్టొద్దు గదా అవ్వా? తాతల నాటి ఆచారం!” అన్నాడు పటేలు.

“ఆ ఆచారమే మన కొంప ముంచింది. రా, నువ్వే ముట్టి చూడు.”

పటేలు వంగి నిమిరాడు. “అబ్బా!” వేలికి నెత్తురు.

ఇక చూడండి, ఊరు ఊరంతా చేలోకి దిగింది! మెత్తనిది ఉంచు, గుచ్చేది పీకు! లేత వేరు, ఇట్టే ఊడొచ్చింది. ఆ పుష్యంలో ఒక్క ఊదాపువ్వు లేదు. ఊరు నిలిచింది. ఆ పసుపు కళ్ళారా చూసుకుని మల్కవ్వ కన్నుమూసింది.

ఇప్పటికీ అక్కడ కుసుమ విత్తిన మూడో వారం, ముందు ముసలమ్మలే చేలోకి దిగాలి. ఎంతటి ఆసామి అయినా గట్టు మీద నిలబడాల్సిందే. ముల్లు గుచ్చిందా, “మల్కవ్వ ముట్టింది!” అని అందరూ కేక వేస్తారు. ఆ పొద్దు ముల్లు గుచ్చని ముసలమ్మ ఇంటికొచ్చి, “నన్ను ముట్టనే లేదు,” అని అన్నం కూడా తినదు.