రాకెట్టు బావ పాట

నీలోఫర్ చేసిన పాటను పాటల కంపెనీవాళ్లు రెండోసారి కూడా తిప్పి పంపారు.

వాళ్లు అడిగింది పాతకాలపు డిస్కో పాట. ఆమె ఆనాటి సింథసైజర్ కీబోర్డు మోతలన్నీ ఏరి తెచ్చి పెట్టింది. తుపాకీ పేలినట్టు ‘టిష్యూం’, ఎగిరే పళ్లెం దిగినట్టు ‘వియ్యూం’, మధ్యమధ్యలో బుడగలు చిట్లే చప్పుడు. చివరికి కంప్యూటర్లో క్యాసెట్ అరిగిన గరగర కూడా కలిపింది. అయినా వాళ్ల మాట ఒకటే.

“పాత పాటలా లేదు. పాత పాట వేషం కట్టినట్టుంది.”

ఇంకొక్కసారి చూస్తామన్నారు. ఈ పాటనే నమ్ముకుని ఆమె బడిలో టీచరుద్యోగం మానేసింది.

విశాఖపట్నంలో ఆమెకు కీబోర్డు నేర్పిన ఎలీషా మాస్టారు ఉన్నారు. ఒకప్పుడు మద్రాసు స్టూడియోల్లో సింథసైజర్ వాయించినాయన. ఆనాటి వాద్యం ఇప్పటికీ ఆయన ముందుగదిలో గోడవారగా ఉంది. నీలోఫర్ ల్యాప్‌టాప్ పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లింది.

మాస్టారు పాట మొత్తం విన్నారు.

“ఈ గరగర ఏంటమ్మా?”

“పాతదనం కోసం కలిపాను మాస్టారూ.”

“మేము అది పోవాలని టేపు మీద టేపు మార్చేవాళ్లం” అన్నారాయన.

నీలోఫర్ నొచ్చుకుంది. “మరి ఆ పాతదనం ఎలా వస్తుందో మీరే చెప్పండి. దాని గుట్టేమిటో మీకు తెలుసు కదా.”

మాస్టారు ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టారు. సింథసైజర్ మీద దుప్పటి తీశారు. వంటింటి వైపు తిరిగి, “రత్నం, ఒకసారి రా. పాట ఉంది” అని పిలిచారు.

ఆయన భార్య రత్నకుమారి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె కూడా ఒకప్పుడు కోరస్‌లో పాడిన మనిషే. నీలోఫర్ ఫోన్లో పాట చూపించింది. రత్నకుమారి కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది.

“రాకెట్టు బావా, రయ్యిన రావా... చుక్కల్లో చాపేసి కూచుందాం రావా...”

నీలోఫర్‌కు నవ్వొచ్చింది. రత్నకుమారి నవ్వలేదు. మళ్లీ మొదటి నుంచీ చదువుకుంది.

“అమ్మాయ్, ఈ బావ తిరిగొస్తాడా, రాడా?”

“అయ్యో, అదేం లేదాంటీ. ఊరికే సరదా పాట.”

“సరదాదే. కానీ ఆ పిల్ల పిలుస్తోంది కదా. వస్తాడనుకుని పాడాలా, రాడని తెలిసి పాడాలా?”

నీలోఫర్ మాస్టారి వైపు చూసింది. ఆయన సింథసైజర్ వైరు ప్లగ్గులో పెడుతున్నారు. తలెత్తకుండానే, “చెప్పమ్మా. పాట నీదే కదా” అన్నారు.

ఆమె ఫోను తీసుకుని పాట మళ్లీ చదివింది. పాట రాసినప్పుడు ఆ పిల్ల సంగతి ఆమెకు తట్టనేలేదు.

“రాడాంటీ” అంది చివరికి. “కానీ ఆ పిల్లకింకా తెలీదు.”

రత్నకుమారి తలూపింది.

రికార్డింగులో చప్పుడు వస్తుందని మాస్టారు ఫ్యాను ఆపేశారు. నీలోఫర్ ల్యాప్‌టాప్‌లో రికార్డింగు పెట్టి, ఆ సింథసైజర్ ముందు కూర్చుని వాయించసాగింది. ఎండాకాలం. వేడికి ఆ పాత వాద్యం శ్రుతి కొద్దికొద్దిగా జారిపోతోంది. పాడే గొంతును వదలకుండా ఉండాలంటే కుడిచేత్తో వాయిస్తూ, ఎడమచేత్తో శ్రుతి సరిచేసే నాబ్ పట్టుకునే ఉండాలి. చెమట కళ్లలోకి దిగుతున్నా తుడుచుకునే వీల్లేదు. చెవి మొత్తం రత్నకుమారి గొంతు మీదే పెట్టింది.

రత్నకుమారి ఆ రాకెట్టు బావను నిజంగానే పిలిచింది. చివరి ‘రావా’ దగ్గర ఆమె గొంతు సన్నగా పైకి లేచి ఆగింది. ఆ ఖాళీలోకి నీలోఫర్ చెయ్యి తనంతట తానే ‘వియ్యూం’ అని ఒక మోత వదిలింది. అది పైకి వెళ్లి, వెళ్లి, వినపడకుండా పోయింది.

రత్నకుమారి, “పొయ్యి మీద పప్పుంది” అంటూ లోపలికి వెళ్లింది.

నీలోఫర్ ఆ రికార్డింగుకు ఏమీ కలపలేదు. ఉన్నదున్నట్టే పంపింది.

కొన్నాళ్లకు కంపెనీ నుంచి ఫోనొచ్చింది. “ఈ గొంతు, ఈ మోతలు ఏ పాత సినిమాలోంచి ఎత్తావు? నిజం చెప్పు” అని అడిగారు. ఎక్కడా ఎత్తలేదని, తనే చేశానని నమ్మించడానికి ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది. నమ్మాక పాట తీసుకున్నారు.

నీలోఫర్ మిఠాయి డబ్బా పట్టుకుని మాస్టారింటికి వెళ్లింది. జరిగింది చెప్పింది. ఆయన సంతోషంగానే విన్నారు. వెళ్లేముందు నీలోఫర్ గుమ్మం దగ్గర ఆగి, మళ్లీ అడిగింది.

“ఇప్పుడైనా చెప్పండి మాస్టారూ. ఆ పాత పాటలు మీరెలా చేసేవారు?”

మాస్టారు మిఠాయి తుంచి నోట్లో వేసుకున్నారు.

“మేము పాత పాట ఒక్కటీ చెయ్యలేదమ్మా” అన్నారు. “అన్నీ కొత్తవే చేశాం.”