మసి పూయని పుస్తకం

ఒకానొక రాజ్యంలో రాజుగారు చదవని పుస్తకం లేదు. ఆ మాట చెప్పింది రాజుగారే.

ఆయన పేరు కీర్తిమల్లుడు. కోటలో ఆయనకొక సరస్వతీ భాండారం ఉండేది. గది నిండా తాటాకు పుస్తకాలు. తర్కమూ వేదాంతమూ చదివి చదివి కళ్లు పోగొట్టుకున్న పండితులు, జీవితమంతా కూడబెట్టిన కట్టలను చివరికి ఆ భాండారానికే ఇచ్చేవారు. రాజుగారి చేతికి వచ్చిన ప్రతి పుస్తకానికీ ఒక ఆకు చీటీ కట్టేవారు. దాని మీద రాజుగారి తీర్పు ఉండేది.

తీర్పులు మూడే. ఘనం. మధ్యమం. సారం లేదు.

రాజుగారు పుస్తకం చదివే పద్ధతి ఒకటుంది. రెండు చేతులా ఎత్తేవారు. కళ్లు మూసుకునేవారు. చేతులు బాగా కిందికి లాగితే ఘనం. కొంచెం లాగితే మధ్యమం. లాగకపోతే అంతే సంగతులు.

చీటీలు రాసేవాడు తిప్పయ్య. భాండారానికి అధికారి. సభలో హాస్యానికీ అతనే. రాజుగారికి నవ్వు రావాలంటే తిప్పయ్య నోరు విప్పాలి. ఆ నోటితోనే బతికాడు. ఈ కథ వచ్చిందీ ఆ నోటి వల్లనే.

ఒక పొద్దున భాండారం ముందు ఎడ్లబండి ఆగింది. బండిలోంచి ఒకావిడ దిగింది. యాభై ఏళ్లుంటాయి. పేరు సూరమ్మ.

"మా అబ్బాయి పుస్తకాలయ్యా," అంది. "విద్దన అని. తర్కం చదివాడు. జ్వరం వచ్చి పోయాడు. మూడు నెలలైంది. తన పుస్తకాలు ఇక్కడికి చేర్చమన్నాడు."

తిప్పయ్య చేతికి పొడుగాటి ఆకొకటి ఇచ్చింది. విద్దన స్వయంగా రాసుకున్న జాబితా. ఏ పుస్తకం ఎవరి దగ్గర నకలు తీసిందీ, దేన్ని పురుగు కొట్టిందీ, దేన్ని ఎవరు పట్టుకుపోయి రెండేళ్లకు తిరిగి ఇచ్చిందీ, అన్నీ ఉన్నాయి. ఒకచోట ఇలా ఉంది: "ఇది వానకు తడిసినది. అమ్మ నీడన ఆరబెట్టినది."

తిప్పయ్య ఒక్కొక్క కట్టా దింపించి సరిచూశాడు. బండిలో నూట పన్నెండు. జాబితాలో నూట పదమూడు.

"ఒకటి తగ్గిందమ్మా."

సూరమ్మ బండి వైపు చూసింది. తరవాత నేల చూసింది.

"అది వద్దులెండి."

"జాబితాలో ఉందమ్మా. ఆయన చేత్తో రాసిందే."

"వీటి పక్కన పెడితే వీటికీ పరువు తక్కువ."

కాసేపటికి ఆవిడే వెళ్లి, బండిలో ఎడ్ల గడ్డి కిందనుంచి ఒక మూట తీసుకొచ్చింది. పాత చీరముక్క చుట్టి ఉంది. విప్పితే పలచని పుస్తకం. పద్దెనిమిది ఆకులు. పైన చీటీ.

"చదివితిమి. సారం లేదు."

ఆ చేతిరాత తిప్పయ్యది.

ఐదేళ్ల కిందటి మాట. సభలో రాజుగారు ఈ పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తారు. "ఇదేమిటోయ్ తిప్పయ్యా, చేతిలో ఉన్నట్టే లేదు?" అన్నారు.

"పుస్తకం కాదేమో ప్రభూ. సభలో ఉక్కగా ఉందని ఎవరో విసనకర్ర పంపినట్టున్నారు," అన్నాడు తిప్పయ్య.

సభ విరగబడి నవ్వింది. రాజుగారు ఆ పుస్తకంతో రెండుసార్లు విసురుకున్నారు కూడా. తరవాత సారం లేదన్నారు. తిప్పయ్య రాశాడు. పైన చీటీ వేలాడగట్టి పంపించేశాడు. అది ఏ ఇంటికి వెళుతుందో, ఆ ఇంట్లో ఎవరుంటారో అతనికి తట్టలేదు.

"ఇది వెనక్కి వచ్చిన రోజు నేనే అన్నానయ్యా," అంది సూరమ్మ. "రాజుగారంతటివారు లేదన్నాక ఇంకా ఏం గీకుతావురా, చాలించు, అన్నాను. గంటం తీసి అటక మీద పెట్టేశాను. వాడు మళ్లీ అడగలేదు."

పాత చీరముక్కను మడత పెట్టింది.

"సభలో ఎవరో విసనకర్ర అన్నారట. వాడికెవరో చేరేశారు. ఆ రోజు వాడూ నవ్వాడు. బాగుందమ్మా ఆ మాట, అన్నాడు."

ఆ ఎవరో తానేనని తిప్పయ్య చెప్పలేదు. చెప్పాలనుకున్నాడు. సభలో అంత ఆడే నాలుక ఇక్కడ కదల్లేదు.

ఊరికే ఉండలేక పుస్తకం ముడి విప్పబోయాడు. ముడి రాలేదు. అది ఎవరూ విప్పి మళ్లీ కట్టిన ముడి కాదు. రాసినవాడు మొదట వేసింది వేసినట్టే బిగుసుకుపోయి ఉంది. పంటితో లాగాల్సి వచ్చింది.

విప్పి చూస్తే ఆకులన్నీ బోసిగా ఉన్నాయి.

ఆ రాజ్యంలో ఒక మర్యాద ఉంది. రాజుకు పంపే కొత్త పుస్తకానికి రాసినవాడు మసి పూయడు. గంటంతో గీసి వదిలేస్తాడు. గీతలు ఆకు రంగులోనే కలిసిపోయి ఉంటాయి, కంటికి ఆనవు. మొదటి మసి రాజు పూయాలి. నూనెలో కలిపిన మసి ఆకు మీద రాసి గుడ్డతో తుడిచేస్తే, నలుపు గీతల్లో మాత్రం నిలిచి అక్షరాలు పైకి తేలుతాయి.

పద్దెనిమిది ఆకుల్లో ఒక్కదానికీ మసి లేదు.

"అమ్మా, ఈ పుస్తకం ఎవరూ చదవలేదు."

"చదివితిమి అని ఉందన్నాడే మావాడు?"

"ఉందమ్మా."

ఆవిడ చీటీ వైపు చూసింది. ఆవిడకు చదువు రాదు.

అప్పుడే రాజుగారు పరివారంతో వచ్చారు. "బండెడు పుస్తకాలు వచ్చాయట! ఏవీ?" అంటూ చేతులు సాచారు. ముందుగా ఆ పలచని పుస్తకమే కంటబడింది. చీటీ చూశారు.

"ఇది నేను చదివేశానే! మళ్లీ ఎందుకొచ్చింది?"

"ఈ బండిలోవి ఆ రాసినవారి పుస్తకాలే ప్రభూ," అన్నాడు తిప్పయ్య.

"అయితే ఇంకేం! సారం లేని పుస్తకం రాసినవాడి ఇంట్లో సారమున్న పుస్తకాలుంటాయా? వేపచెట్టుకు మామిడి కాస్తుందా? రేపు మధ్యాహ్నానికి బండి బండంతా ఏట్లో కలిపెయ్యండి. నా భాండారంలో చోటు లేదు."

సూరమ్మ చేతులు జోడించింది.

"ప్రభూ, ఆ ఒక్కటీ కలిపెయ్యండి. మిగతావి ఉంచండి. అవి మావాడు రాసినవి కావు. పెద్దలు రాసినవి."

అనేశాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న మాటను వెనక్కి తోసుకుంటున్నట్టు.

"రాజుమాట ఒకటే," అని రాజుగారు వెళ్లిపోయారు.

తిప్పయ్య ఆవిడను అరుగు మీద కూర్చోమన్నాడు. లోపలికి వెళ్లి మసి కలిపి తెచ్చాడు. మొదటి ఆకు ఒక్కదానికే పూసి తుడిచాడు. అక్షరాలు లేచాయి. ముత్యాల్లాంటి అక్షరాలు. చదివి వినిపించాడు.

"లేదు అనదలచినవాడు ముందుగా దీపము తెచ్చుకొని, తలుపు తీసి, లోపల వెదుకవలెను. గడప బయట నిలిచి లేదనరాదు."

"ఇంతేనా?" అంది సూరమ్మ.

"మొదటి ఆకు ఇంతేనమ్మా."

"ఇది నాకే అర్థమైందే."

తిప్పయ్య మసిగుడ్డ పక్కన పెట్టాడు.

"ఏం రాశావురా, చదువు వింటాను, అని ఒక్కసారి అనలేదయ్యా నేను," అంది.

తిప్పయ్య మిగతా ఆకులకు మసి పూయలేదు. పుస్తకం కట్టి చంకలో పెట్టుకున్నాడు. "రేపు మీరూ సభకు రండమ్మా," అన్నాడు.

మర్నాడు సభ నిండుగా ఉంది. సూరమ్మ ఒక స్తంభం పక్కన నిలబడింది. తిప్పయ్య ఆలస్యంగా, రొప్పుకుంటూ వచ్చాడు.

"ప్రభూ, కొంప మునిగింది! ధనాగారంలో మీ తాతగారి రత్నాల ఖడ్గం లేదు!"

రాజుగారు సింహాసనం మీంచి లేచారు. "లేదా! సరిగ్గా చూశావా?"

"చూడటమెందుకు ప్రభూ? తలుపు మీద రెండు చేతులూ ఆనించాను. కళ్లు మూసుకున్నాను. లోపల ఉన్నట్టు అనిపించలేదు."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు.

"తలుపు తియ్యలేదా?"

"లేదు ప్రభూ."

"దీపం పట్టుకుని లోపలికి వెళ్లలేదా?"

"అంత శ్రమ ఎందుకని..."

"ఓరి మూఢుడా! గడప బయట నిలబడి లేదంటావా? దీపం పట్టుకుని, తలుపు తీసి, మూలమూలా వెతికినవాడు అనాలిరా ఆ మాట! నీకేం అధికారముంది?"

తిప్పయ్య రెండు చేతులూ కళ్లకద్దుకున్నాడు. "ఎంత మాట సెలవిచ్చారు ప్రభూ! ఖడ్గం క్షేమంగా ఉంది, ఇప్పుడే తలుపు తీసి చూసి వచ్చాను. ఈ మాట కోసమే అబద్ధమాడాను. క్షమించండి. ప్రభువులు ఇప్పుడన్న మాటలో సారముందంటారా?"

"ఉందంటారా ఏమిటి? నిండా సారమే. పసివాడికైనా తెలుస్తుంది."

"ఎవరైనా దాన్ని పుస్తకంలో రాస్తే?"

"ఘనం అని చీటీ కట్టు."

"చిత్తం," అని తిప్పయ్య చంకలోని పుస్తకం తీసి, మొదటి ఆకు రాజుగారి చేతిలో పెట్టాడు. "ఒక్కసారి పైకి చదవండి ప్రభూ."

రాజుగారు దర్జాగా మొదలుపెట్టారు. "లేదు అనదలచినవాడు ముందుగా దీపము తెచ్చుకొని..." అక్కడికి గొంతు సన్నబడింది. అయినా ఆకు చివరిదాకా చదివారు. చీటీ ఇంకా ఆ పుస్తకానికే వేలాడుతోంది. సారం లేదు.

రాజుగారు తెలివితక్కువవారు కారు. గొంతు సవరించుకున్నారు.

"చూశావా! నేను ఎప్పుడో చదివాను గనకనే ఆ మాట ఇవాళ నా నోట వచ్చింది."

"అందుకు సందేహమేముంది ప్రభూ. రెండో ఆకులో ఇంకేముందో, అదీ మీ నోటే వినాలని సభ ఎదురుచూస్తోంది."

రెండో ఆకు చేతికిచ్చాడు. రాజుగారు చూశారు. తిప్పి చూశారు. కిటికీ వెలుగుకు పట్టి చూశారు.

"ఇందులో ఏమీ లేదు."

"వెతికారా ప్రభూ?"

రాజుగారు ఆకును మళ్లీ వెలుగుకు ఎత్తారు.

"మసి పూయనిదే కనపడదు," అన్నాడు తిప్పయ్య మెల్లగా. "మొదటి ఆకుకు నిన్న నేను పూశాను. మిగతా పదిహేడూ, ఐదేళ్ల కిందట మీ చేతికి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి."

సభంతా తల దించుకుంది, ఎందుకైనా మంచిదని.

రాజుగారు ఒక్కసారిగా పకపకా నవ్వారు. "దొరికిపోయానురా తిప్పయ్యా! నా నోటితో నన్నే పట్టించావు!" అన్నారు. రాజుగారు నవ్వారు గనక సభా నవ్వింది. "బండి ఏటికి పోదు. నూట పదమూడూ భాండారంలోనే ఉంటాయి," అని, తన మెళ్లో ముత్యాలహారం తీసి తిప్పయ్య మెళ్లో వేశారు.

"ఇది నాకు తగదు ప్రభూ. ఆ రోజు విసనకర్ర అన్నది నేను. చీటీ రాసిందీ నేనే."

ఆ మాట రాజుగారికే చెప్పాడు. చూపు మాత్రం స్తంభం వైపు పోయింది. సూరమ్మ అతన్ని చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి.

"రాజు ఇచ్చింది కాదనకూడదు. ఏదీ, మసి తెప్పించు!" అన్నారు రాజుగారు. ఆయనకు ఉత్సాహం వచ్చేసింది. స్వయంగా వేళ్లు మసిలో ముంచారు. రెండో ఆకు పూశారు, తుడిచారు, చదివారు. మూడోది. నాలుగోది. జీవితంలో మొదటిసారి ఒక పుస్తకం చదువుతున్నారు. ఐదో ఆకు దగ్గర ఆగి, రెండుసార్లు చదివారు.

"ఉన్నదానిని చూపవచ్చును. లేనిదానిని చూపలేము. అయినను లేకుండుట తెలియుచున్నది. ఖాళీ పీటను చూచినవారికి తెలియుచున్నది."

"ఇదేమిటిది?" అన్నారు రాజుగారు. "ఖాళీ పీటను చూస్తే కంటికి కనిపించేది పీటే కదా? మనిషి లేకపోవడం ఎలా కనిపిస్తుంది?"

పండితుల వైపు చూశారు. ఎవరూ మాట్లాడలేదు. తిప్పయ్యకూ తెలియలేదు.

"చిక్కు ప్రశ్నే! ఆ రాసినవాణ్ణే పిలిపించండి. నా పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతాను. వెళ్లండి!"

ఆ రాసినవాడు ఏమయ్యాడని నిన్న గానీ ఇవాళ గానీ రాజుగారు అడిగి ఉండలేదు.

తిప్పయ్య నోరు తెరవలేదు. స్తంభం పక్కనుంచి సూరమ్మే చెప్పింది.

"లేడు ప్రభూ."

స్తంభం విడిచి ఒక అడుగు ముందుకు వచ్చింది.

"చూసే చెబుతున్నాను."

రాజుగారి మసివేళ్లు ఆకు మీదే ఉండిపోయాయి. తప్పయింది తల్లీ అనబోయారు. రాజుల దగ్గర ఆ మాటకు వాడుక తక్కువ. సింహాసనం దిగి వచ్చి, ఆవిడ నిలబడ్డచోటికి దగ్గరగా మెట్టు మీద కూర్చున్నారు. ఆరో ఆకు తీశారు. మసి పూసి, తుడిచి, ఆవిడకు వినబడేలా చదివారు. ఏడోది. ఎనిమిదోది. అర్థమైనవీ కానివీ, పద్దెనిమిదీ చదివారు. ఆవిడ కొంగు నోటికి పెట్టుకుని, ఆఖరి ఆకు దాకా నిలబడే వింది.

ఆ రోజు తిప్పయ్య ముత్యాలహారంతో ఇంటికి నడిచి వెళ్లాడు. వీధిలో జనం గుంపుగా చూశారు. రాజుగారు ఎంత బరువైన హారం ఇచ్చారో, పాపం, మెడ ఎత్తలేకపోతున్నాడు, అనుకున్నారు.

హారం అంత బరువేమీ కాదు.