ఎర్ర దారం కట్టిన గ్లాసు

డాక్టర్ భ్రమరాంబగారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని పడుతుంది. రక్తం, శోషరస గ్రంథుల క్యాన్సర్ల వార్డులో ఇరవై ఏళ్లుగా నర్సును కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడ దగ్గర కొత్తగా చేరిన జూనియర్ డాక్టర్ మురారికి తెలియదు. "పేషెంట్ నూకాలు మెడలో గడ్డ వైరస్ వల్ల వచ్చిందా, కాదా? ఒక్క మాటలో చెప్పండి మేడమ్," అన్నాడు.

ఆ ఒక్క మాటా అతను అప్పటికే వరండాలో చెప్పేసి వచ్చాడు. గడ్డ ముక్కలో వైరస్ కనబడిందనీ, అది ఎంగిలితో అంటుకునే రకమనీ నూకాలు అత్త సన్యాసమ్మకు వివరించాడు. అబద్ధమేమీ కాదు. కానీ ఆ పూట నుంచే కోడలికి కంచం వేరయింది. గ్లాసుకు గుర్తుగా ఎర్ర దారం కట్టారు. రోజూ వచ్చే మూడేళ్ల కూతురిని తీసుకురావడం మానేశారు. దాంతో నూకాలు గోడవైపు తిరిగి పడుకుని, రెండో ఇంజెక్షన్ వద్దంది. మందుకు లొంగే జబ్బు అది. నాకు ఒళ్లు మండిపోయింది.

మేడమ్ సన్యాసమ్మకీ, ఆమె కొడుక్కీ, మురారికీ, తనకూ రక్తం తీయించి, ఆ వైరస్ ఎప్పుడైనా సోకిందేమో చూడమని ల్యాబ్‌కు పంపింది. మూడో రోజు కాగితాలు వచ్చాయి. నలుగురికీ ఎప్పుడో సోకింది.

"ఇప్పుడు ఎవరి గ్లాసుకు దారం కడతావమ్మా?" అని మేడమ్ అడిగింది.

"మా ఒంట్లోనూ ఉందేటమ్మా?" అంది సన్యాసమ్మ.

చాలామందికి చిన్నతనంలోనే వస్తుందనీ, వచ్చాక పోదనీ మేడమ్ చెప్పింది. ఇప్పుడు మందులతో నీరసపడింది నూకాలే కాబట్టి, తమ నుంచి ఆమెకు ఏదీ అంటకుండా చేతులు కడుక్కుని పక్కన కూర్చోమంది. సన్యాసమ్మ చాలాసేపు కుళాయి దగ్గరే నిలబడి చేతులు కడుక్కుంది. తర్వాత మనవరాలిని తీసుకురమ్మని కొడుకును పంపింది. ఆ మాట విన్న నూకాలు ఇటు తిరిగి, ఇంజెక్షన్‌కు చేయి చాపింది.

మురారి మాత్రం వదల్లేదు. "మరి అందరిలో ఉన్నప్పుడు జబ్బు ఈమెకే ఎందుకొచ్చింది మేడమ్?"

ఆవిడ విసుగ్గా కాగితాలు అతని చేతిలో పెట్టింది.

"నీలోనూ ఉందిగా, దాన్నే అడుగు. నాలో ఉన్నదాన్ని ముప్పై ఏళ్లుగా నేను అడుగుతూనే ఉన్నాను."