తడవని తాయెత్తు

ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబు చెప్పకపోవడం మా హజ్రత్‌కు అలవాటు. అడిగినవాడి ముఖంలోకి ఒకసారి చూస్తారు, గడ్డం దువ్వుకుంటారు, "చూద్దాంలే నాయనా" అని ఏదో ఒక పని పురమాయిస్తారు. నాకీ పద్ధతి ఒక పట్టాన మింగుడుపడేది కాదు. నా పేరు మీరా, సైకిల్ షాపు వాణ్ణి. పంక్చరు ఎక్కడుందని అడిగితే వేలు పెట్టి చూపించాలి గానీ, చూద్దాంలే అంటే బేరం నిలుస్తుందా? మసీదు కమిటీలో ఉన్నాను కాబట్టి ఒకటి రెండుసార్లు ఈ మాట ఆయనతోనే అన్నాను. దానికీ "చూద్దాంలే మీరా" అనే అన్నారు.

హజ్రత్ అంటే మౌల్వీ అబ్దుల్ వాసే సాహెబు. కాలువ గట్టున ఉన్న మా మసీదులో నమాజు చదివించేదీ, పక్క రేకుల షెడ్డులో పిల్లలకు ఖురాన్ నేర్పేదీ ఆయనే. సాయంత్రం అసర్ నమాజు కాగానే మగపిల్లల్ని కాలువలోకి దించుతారు. లుంగీ ఎగగట్టి నడుం లోతు నీళ్ళలో నిలబడి, ఒక్కొక్కణ్ణీ పొట్ట కింద చెయ్యి వేసి తేలుస్తారు. ఆడపిల్లలకు ఫజర్ నమాజు తర్వాత, తెల్లవారగానే. వాళ్ళకు హజ్రత్ ఇంటావిడ నేర్పుతుంది. ఆవిణ్ణి ఊరంతా బడీమా అంటాం. తాటాకు తడక అడ్డం కట్టిన పై రేవు ఆవిడ రాజ్యం. మగపురుగు అటు పోకూడదు. ఊరి కుర్రకారు హజ్రత్‌ను చాటుగా ఈత మౌల్వీ అనేవాళ్ళు, ఆయన వినీ విననట్టు ఊరుకునేవారు.

ఆయన శిష్యుడు సద్రుద్దీన్. ఇక్కడే హజ్రత్ దగ్గర అక్షరాలు దిద్ది, పెద్ద మదర్సాకు పోయి చదివి, మళ్ళీ ఆయన దగ్గరికే చిన్న ఉస్తాదుగా వచ్చాడు. ఏ మాట కా మాటే చెప్పుకోవాలి, అతని కంఠం బంగారం. ఖురాన్ ఎత్తుకుంటే రోడ్డు మీద పోయేవాడు సైకిల్ దిగి వింటాడు. కానీ మనిషికి కుదురు లేదు. పాఠం చెబుతూ చెబుతూ లేచి కిటికీలోంచి కాలువ చూసి వస్తాడు. కూర్చుంటాడు, మళ్ళీ లేస్తాడు. కాలుగాలిన పిల్లి నయం.

దానికి కారణం లేకపోలేదు. చిన్నతనంలో అతని తమ్ముడు ఈ కాలువలోనే పోయాడు. ఇతను గట్టు మీద నిలబడి నెత్తీ నోరూ బాదుకుంటుండగానే, కళ్ళెదుటే మునిగిపోయాడు. ఇతనికి ఈత రాదు. అప్పుడూ రాదు, ఆ తర్వాత నేర్చుకోనూ లేదు. నీళ్ళంటే అంత భయం.

ఇప్పుడు అతనికి ఒక్కగానొక్క కూతురు, సుగ్రా. పదేళ్ళది. ఆ పిల్లకు జలగండం ఉందని ఎవరో మహానుభావుడు అతని చెవిలో వేశాడు. ఇక ఆగుతాడా? ఎక్కడో దర్గాకు పోయి తాయెత్తు రాయించుకొచ్చి పిల్ల దండచేతికి నల్లదారంతో కట్టాడు. లోపలి కాగితం కుంకుమపువ్వు సిరాతో రాసిందట, తడిస్తే అక్షరాలు చెరిగిపోతాయని రాసిచ్చినాయన మరీ మరీ చెప్పాడట. ఇక చూడండి మా వాడి అవస్థ! నీళ్ళ గండం తప్పాలని కట్టిన తాయెత్తు తడవకూడదని, పిల్లను నీళ్ళ దరిదాపులకే పోనివ్వడు. వాన పడితే తాయెత్తుకు ప్లాస్టిక్ కవరు చుడతాడు. నమాజుకు ముందు వజూకని చేతులు కడుక్కునేటప్పుడు పక్కన నిలబడి "పైకి జరుపు, పైకి జరుపు" అంటాడు. ఇంతా చేసి అతని ఇల్లు కాలువ అవతలి గట్టున! రెండు తాటి దుంగలు వేసిన వంతెన మీదుగా పిల్ల రోజూ రాకపోకలు సాగిస్తోంది.

ఎండలు తగ్గి కాలువకు నీళ్ళు వదిలిన రోజులవి. నీళ్ళు గట్టు అంచు దాకా వచ్చి ఎర్రగా, బరువుగా పారుతున్నాయి. ఆ సాయంత్రం షెడ్డు రేకుల మరమ్మతు గురించి మాట్లాడదామని నేను మసీదుకు పోయాను. మగపిల్లలు ఈత ముగించుకుని తల తుడుచుకుంటున్నారు. సద్రుద్దీన్ అరుగు మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాడు. ఉన్నట్టుండి హజ్రత్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"హజ్రత్, ఒక మసలా అడగాలి, ధర్మసందేహం. మనసు ఊరుకోవట్లేదు."

"అడుగు నాయనా."

"పిల్లలకు ఈత, విలువిద్య, గుర్రపు స్వారీ నేర్పండని పెద్దల మాట ఒకటుంది. అది పిల్లల చేత కంఠతా పట్టించింది నేనే. ఎక్కడా ఉచ్చారణ తప్పకుండా అప్పజెబుతున్నారు. కానీ ఆ మాట ఎవరు అన్నారన్న దాని మీద పండితుల్లో తేడాలున్నాయి. అల్లా ధ్యానం లేనిదంతా ఉత్త ఆటేనని కూడా అన్నారు. ఆ నీళ్ళలో కేకలూ కేరింతలే గానీ ధ్యానం ఎక్కడుంది హజ్రత్? ఖురాన్ పాఠంలో అంత వేళ కోసి ఈతకు పోస్తున్నాం. ఇది దీన్ కిందికి వస్తుందా, దునియా కిందికి వస్తుందా? రేపు ఖయామత్ రోజున అల్లా లెక్క అడిగితే ఏమని చెప్పుకుంటాం?"

ఈత ధర్మమా, లౌకికమా అంటున్నాడు. మాట బాగానే ఉంది. చదువుకున్నవాడి ప్రశ్నే. కానీ అడుగుతున్నంతసేపూ అతని చూపు కాలువ మీదే ఉంది. పైకి అడిగింది మసలా, లోపల ఉన్నది తమ్ముడు. అది నాకే తెలిసిందంటే హజ్రత్‌కు తెలియకుండా ఉంటుందా?

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవచ్చు. నా నోరు ఊరుకోదు. "దీనో దునియానో తర్వాత తేల్చుకుందువు గానీ, ముందు ఆ తాటి దుంగల సంగతి చెప్పవయ్యా. పిల్ల కాలు జారితే?" అన్నాను.

"నేను చెయ్యి పట్టుకుని దాటిస్తున్నాను మీరా భాయ్!"

"ఎన్నాళ్ళు పట్టుకుంటావ్? నిఖా అయ్యాక కూడానా?"

అతని ముఖం కందగడ్డ అయింది. హజ్రత్ నా కేసి ఒక్క చూపు చూశారు. ఆయన గడ్డం దువ్వుకుని, "చూద్దాంలే నాయనా. రేపు ఫజర్ కాగానే ఒక పని చెయ్యి. షెడ్డు తాళంచెవి బడీమా దగ్గర ఉంటుంది. పై రేవుకు పోయి తడక ఇవతల నిలబడి పిలువు. ఇస్తుంది, పట్టుకురా" అన్నారు.

ఇదండీ జవాబు! ఖయామత్ గురించి అడిగినవాడికి తాళంచెవి తెమ్మన్నారు. నాకు ఒళ్ళు మండింది. రేకుల మాట కూడా ఎత్తకుండా ఇంటికొచ్చేశాను.

మర్నాడు ఫజర్‌కు నేనూ ఉన్నాను. రాత్రంతా నిద్ర లేదేమో, సద్రుద్దీన్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నమాజు కాగానే గబగబా పై రేవు కేసి నడిచాడు. నేను మసీదు మెట్ల మీద చెప్పులు వేసుకుంటున్నాను. హజ్రత్ ఇంకా లోపల చాప మీదే ఉన్నారు. గాలి రివ్వున కొడుతోంది. తాటాకు తడక టపటపలాడే చప్పుడు అక్కడిదాకా వినిపిస్తోంది.

"బడీమా!" అని సద్రుద్దీన్ పిలుపు వినిపించింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ లేదు. ఆ తర్వాత వచ్చింది పిలుపు కాదు, కేక. "సుగ్రా!" అని అరిచాడు.

అసలు జరిగింది ఇది. తడక గుంజకు ఒక మేకు ఉంది. ఆ మేకుకు నల్లదారం, దారానికి తాయెత్తు, దాని చుట్టూ అతను స్వయంగా చుట్టిన ప్లాస్టిక్ కవరు. కింద మెట్టు మీద పిల్ల చెప్పులు. రేవులో మనిషన్నవాడు లేడు. ఎర్ర నీళ్ళు సుడి తిరుగుతూ పోతున్నాయి. ఇక అతనికి మరో ఆలోచన ఏముంటుంది చెప్పండి? తడక విరుచుకుని, పెట్టుకున్న టోపీతో, కట్టుకున్న బట్టలతో, ఈత రాదన్న మాటే మరిచిపోయి కాలువలో దూకేశాడు.

నేను పరిగెత్తేసరికి తల ఒకసారి పైకి తేలింది, మళ్ళీ మునిగింది. ప్రవాహం అతన్ని దిగువకు లాక్కుపోతోంది. నా వెనకే హజ్రత్, అంత వయసులో, ఉత్త కాళ్ళతో వస్తున్నారు. గట్టు వెంట పరుగు. నాకు ఈత వచ్చు గానీ, నీళ్ళు నాకంటే జోరుగా పోతున్నాయి. "యా అల్లా! యా అల్లా!" అని నీళ్ళ మధ్య నుంచి అతని గొంతు. ఆ బంగారు కంఠం గుర్రుగుర్రుమంటోంది. ఈ కాలువ వాళ్ళ ఇంట్లో ఇంకొకణ్ణి మింగుతోందని ఏడుపొచ్చేసింది నాకు.

మలుపు తిరిగాం. అక్కడ జమ్ము దట్టంగా పెరిగి ఉంటుంది, దాని పక్కన కాస్త లోతు తక్కువ. జమ్ము చాటున బడీమా, ఆవిడ చుట్టూ ఆడపిల్లలు. పారే నీళ్ళకు ఎదురెక్కకుండా వాలుగా ఒడ్డు చేరడం నేర్పుతోందట ఆవిడ ఆ రోజు, రేవు వదిలి ఇక్కడికి తీసుకొచ్చి. గట్టున ఉన్న తుమ్మ మొద్దుకు తాడు కట్టి, తాడు చివర అరటి బోదె కట్టి నీళ్ళలో వదిలి ఉంది. ఆ బోదె దగ్గర ఉన్నది సుగ్రా.

పిల్ల తండ్రిని చూసింది. "అబ్బా!" అంటూ అతని కేసి కదలబోయింది. బడీమా గట్టు అదిరేలా కేకేసింది. "దగ్గరికి పోకే! బోదె తొయ్యి! బోదె!"

పిల్ల ఆగింది. బోదెను ముందుకు తోసుకుంటూ ఈదింది. నేను కళ్ళారా చూశాను, ఈదింది! తండ్రి కొట్టుకొస్తున్న దారికి అడ్డంగా బోదెను తోసి, తను పక్కకు జరిగిపోయింది. అతను దాన్ని వదిలేసి పిల్ల మీదికి చేతులు చాచాడు. మునిగేవాడికి ఎవరు కనబడితే వాళ్ళ మెడే ఆధారం. "నన్ను పట్టుకోకు అబ్బా, బోదె పట్టుకో!" అని అరిచింది. ఆ అరుపుకో, అల్లా దయకో, అతని చెయ్యి బోదె మీద పడింది. బడీమా తాడు లాగుతోంది. నేను నీళ్ళలోకి దిగి జబ్బ అందుకున్నాను. పరదా సంగతి ఆ వేళ ఎవరికి గుర్తుంది?

గట్టు మీదికి చేర్చి బోర్లా తిప్పితే కడుపులో నీళ్ళన్నీ కక్కాడు. లేచి కూర్చోగానే అతనికి ముందు వచ్చింది కోపం. "నిన్ను నీళ్ళలో దిగమన్నదెవరే?" అని పిల్ల మీద చెయ్యెత్తాడు.

"తల్లి," అంది బడీమా. "దాన్ని కన్నతల్లి స్వయంగా వంతెన దాటించి తెచ్చి నాకు అప్పగించి పోతోంది. బడీమా దగ్గరికి పోతోందని నీకు చెప్పిందా లేదా? దువాలు నేర్చుకోవడానికి అనుకున్నావేమో, అది నీ అనుకోవడం."

చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. పిల్ల వణికిపోతోంది. చలికి కాదు, తండ్రికి. ఏడుస్తూ అంది, "తాయెత్తు తడపలేదు అబ్బా. రోజూ విప్పి పైన పెట్టే దిగుతున్నాను. నీ మీద ఒట్టు, ఒక్క చుక్క కూడా పడలేదు."

అంతే. ఎత్తిన చెయ్యి దిగిపోయింది. పిల్లను ఒళ్ళోకి లాక్కుని, ఊరు వింటుందన్న సిగ్గు కూడా లేకుండా భోరుమన్నాడు. "వాడికి బోదె తొయ్యడానికి ఎవరూ లేరే అమ్మా. నేను ఉండి కూడా ఎవరూ లేరే" అని అదే మాట అంటూ ఏడ్చాడు. పిల్లకు ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ముఖం అటు తిప్పుకుని నేనూ కళ్ళు తుడుచుకున్నాను.

హజ్రత్ రొప్పుతూ వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి శిష్యుడి తల తుడిచారు. తడక ఇవతల నుంచి పిలిస్తే ఈదుతున్న కూతురి గొంతు వింటాడనుకున్నారే గానీ, ఇంత దూరం వస్తుందని ఆయనా అనుకోలేదు. "ఇవతల నిలబడమన్నాను కదా నాయనా, ఇవతల నిలబడమన్నాను కదా" అని గొణుక్కుంటున్నారు. ఆడపిల్లల్లో ఒకతె పరుగెత్తి గుంజకున్న తాయెత్తు తెచ్చి సద్రుద్దీన్ చేతిలో పెట్టింది. అతని ఒంటి మీద పొడి దారప్పోగు లేదు. తాయెత్తు మాత్రం గలగల్లాడుతోంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పిల్ల చేతికి కట్టనూ లేదు, పారెయ్యనూ లేదు. గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు.

పొద్దెక్కింది. షెడ్డు దగ్గర పిల్లలు చేరి గోల చేస్తున్నారు. బడీమా కొంగుముడి విప్పి తాళంచెవి తీసి భర్తకు ఇచ్చింది. హజ్రత్ లేవబోతుంటే సద్రుద్దీన్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నా మనిషి ఆ పాత మనిషే!

"హజ్రత్, నిన్న నేనడిగిన దానికి..."

ఇక అంటారు చూద్దాంలే అని, అనుకున్నాను. ఆయన అనలేదు. శిష్యుడి ముఖంలోకి చూశారు, గడ్డం దువ్వుకున్నారు.

"నీళ్ళలో ఎవర్ని పిలిచావు నాయనా?"

"అల్లాను, హజ్రత్. ఆయన్నే పిలిచాను."

హజ్రత్ ఒళ్ళంతా తడిసిన ఆ పిల్ల తల మీద చెయ్యి వేశారు.

"మరి ఆయన ఎవర్ని పంపాడో చూశావు కదా" అన్నారు.