చెదలు తిన్న రుసుముల లెక్క

చింతలదుర్గం రాజు తిమ్మభూపాలుడి పల్లకి ఆ ఉదయం బజారు వీధి బురదలో కూరుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. చివరికి రాజుగారే చెప్పులు చేత పట్టుకుని కోటకు నడిచొచ్చారు. బురద కాళ్లతోనే కొలువులో కూర్చుని గర్జించారు.

"న్యాయసభలో ఫిర్యాదు చేసే ప్రతివాడూ రెండు రూకలు రుసుము కడుతున్నాడు. ఆ సొమ్ముతో వీధులు బాగుచేయాలని మా తాతగారు నియమం పెట్టారు. అదంతా ఏమైంది? పదేళ్ల లెక్క ఇప్పుడే నా ముందు చదవాలి!"

రుసుములు వసూలు చేసే అధికారి పేర్రాజు లేచాడు. ఒట్టి డాబుసరి మనిషి. కొలువుకు రోజుకో కొత్త తలపాగా చుట్టుకొస్తాడు.

"ఏం చెప్పమంటారు ప్రభూ! ఆ లెక్కలున్న తాటాకుల కట్టలన్నీ చెదలు తినేశాయి. దఫ్తరు గది ఊడ్చే పుల్లమ్మ వేపాకు వేయడం మానేసింది."

"పిలవండి ఆ పుల్లమ్మని!"

చేతిలో చీపురుండగానే భటులు ఆమెను లాక్కొచ్చారు.

"నీ నిర్లక్ష్యం వల్ల పదేళ్ల లెక్క మట్టిపాలైంది. ఈ పూటే ఊరు విడిచిపో!" అన్నారు రాజుగారు.

ఇరవై ఏళ్లుగా ఆ గదే పుల్లమ్మకు అన్నం పెడుతోంది. నిన్న సాయంత్రం దాకా కట్టలు నిక్షేపంలా ఉన్నాయి, దుమ్ము దులిపింది తనే. కానీ అధికారి మాటుండగా తన మాట ఎవరు నమ్ముతారు? ఓ ఉపాయం తట్టి, చేతులు జోడించింది.

"పోతాను ప్రభూ. పోయేముందు ఒక్క సంగతి. అయ్యగారూ, నిజంగా ఒక్క ఆకు కూడా మిగల్లేదా?"

"ఒక్కటంటే ఒక్కటి లేదు!" అన్నాడు పేర్రాజు.

"కట్టలన్నీ పోయినట్టేనా?"

"చెబుతుంటే వినపడదా? మట్టే మిగిలింది!"

పుల్లమ్మ రాజుగారి వైపు తిరిగింది.

"అయితే అయ్యగారిని చూస్తే నాకు జాలేస్తోంది ప్రభూ. రుసుములు బాగా వసూలు చేశారని తమరు ఆయనకు ముప్పై ఎకరాల మాన్యం ఇచ్చారు కదా! ఆ పట్టా కూడా ఆ కట్టల్లోనే ఉండేది. చుట్టాలొచ్చినప్పుడల్లా నాచేత కట్ట విప్పించి, గట్టిగా చదివి వినిపించేవారు. పట్టా లేని మాన్యం దివాణానికే చెందుతుందట కదా ప్రభూ?"

రాజుగారు గడ్డం నిమురుకున్నారు. "అవును, అదే చట్టం. ఎవరక్కడ? రేపే ఆ భూమి స్వాధీనం చేసుకోండి!"

పేర్రాజు తలపాగా జారి భుజం మీద పడింది.

"వద్దు ప్రభూ, వద్దు! కట్టలకేమీ కాలేదు! పల్లకి బురదలో కూరుకుందని వినగానే మా ఇంటి అటక మీదికి చేర్చాను, భద్రంగా ఉన్నాయి!"

పుల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇరవై ఏళ్లలో ఎన్నో చెదల్ని చూశాను ప్రభూ. తిన్నది కక్కిన చెదను మాత్రం ఇవాళే చూస్తున్నాను!"

కొలువు ఘొల్లుమంది. రాజుగారు కడుపు పట్టుకుని నవ్వారు. కట్టలు తెప్పించి, కాజేసిన సొమ్మంతా పేర్రాజు దగ్గర కక్కించమని భటుల్ని పంపారు. తన చేతి కడియం తీసి, దఫ్తరు గది తాళాలతో సహా పుల్లమ్మకు అందించారు.

"ఇకమీదట నువ్వు చెప్పందే ఆ గదిలో ఆకు కదలకూడదు!"